కన్సల్టింగ్‌కి ఏ కాలేజీ? మిర్చి యార్డు నుంచి వచ్చిన ప్రశ్న

ప్రశ్న (కుదించి): మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా పెద్దమ్మాయికి 23 ఏళ్లు. పదిలో 9.8, ఇంటర్‌లో 968 మార్కులు, బీటెక్ ఈసీఈలో 8.1. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో 20 నెలలుగా చేస్తోంది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌లో 97.4 పర్సంటైల్ వచ్చింది. కన్సల్టింగ్‌లోకి వెళ్తానంటోంది. ఏ ఐఐఎం వచ్చినా చేరిపొమ్మని బంధువులంటున్నారు. తనేమో ఇంకోసారి రాస్తానంటోంది. ఆగితే సంబంధాలు ఆలస్యమవుతాయని ఇంట్లో టెన్షన్. ఏ కాలేజీలకు గురిపెట్టాలి? ఐఐఎం మంచిదా, హైదరాబాద్‌లోని బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ మంచిదా? (ఎవరి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏ కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి, ఎప్పుడు తీసి అమ్మాలి అని తను కంప్యూటర్‌లో మా కొట్టుకు ఒక పట్టిక వేసిపెట్టింది లెండి. పోయిన సీజన్లో వడ్డీ కొంత కలిసొచ్చింది.)

జవాబు: క్యాట్ ఫలితాలు వచ్చిన నెలలోపు ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి. ఊరు మారుతుంది, పర్సంటైల్ మారుతుంది, ప్రశ్న అదే. అందరూ అడిగేది కాలేజీ పేర్లే గానీ లోపలున్న భయం వేరు: చేతికొచ్చింది వదిలేస్తే రేపు ఏమీ దొరకదేమోనని. దొరుకుతుందండీ. 23 ఏళ్ల వయసు, చేతిలో జీతం వచ్చే ఉద్యోగం. ఈ రెండూ ఉన్న పిల్ల ఒక ఏడాది ఆగితే కొంపేమీ మునగదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, భయంతో చదివితే మిగతాది మీకు తలకెక్కదు.

అసలు కన్సల్టింగ్ అంటే మీ అమ్మాయి దేన్ని అంటోంది? మన దగ్గర ఈ మాటకు అర్థాలెక్కువ. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ అని బోర్డు కనబడితే లోపల వీసా ఫైళ్లుంటాయి. గచ్చిబౌలి వైపు ఎవరి అబ్బాయైనా ‘కన్సల్టెంట్’ అంటే, చాలావరకు విదేశీ కంపెనీలకు శాప్, ఒరాకిల్, సేల్స్‌ఫోర్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు అమర్చిపెట్టే పనిలో ఉంటాడు. మంచి పనే, జీతమూ బాగుంటుంది, దానికి ఐఐఎం అక్కర్లేదు. మూడోది మెకిన్సీ, బీసీజీ, బెయిన్ అనే మూడు పెద్ద సలహా సంస్థలు చేసే పని. ఒక సిమెంటు కంపెనీ కొత్త ప్లాంటు పెట్టాలా వద్దా, ఒక బ్యాంకు ఏ శాఖలు మూసుకోవాలి లాంటివి లెక్కలు కట్టి యాజమాన్యానికి చెప్పడం. ఈ మూడింటిలో ఏదో మీ ఉత్తరంలో లేదు. మీరు అడిగి ఉండరు.

మూడోదే అనుకుందాం. అప్పుడు జాబితా చాలా పొట్టిది. ఆ సంస్థలు మన దేశంలో ఎంబీఏల కోసం ప్రధానంగా వెళ్లేది ఐఐఎం అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా, ఆపైన ఐఎస్‌బీ. తర్వాతి వరసలో లక్నో, కోజికోడ్, ఇందోర్ ఐఐఎంలు, జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ఢిల్లీ ఎఫ్‌ఎంఎస్, ముంబై ఎస్‌పీజైన్, గురుగ్రామ్ ఎండీఐ. ఈ వరసలో డెలాయిట్, ఈవై, పీడబ్ల్యూసీ, కేపీఎంజీ, యాక్సెంచర్ లాంటి చోట్ల కన్సల్టింగ్ ఉద్యోగాలు బాగానే దొరుకుతాయి. పెద్ద మూడింటి తలుపు మాత్రం కాస్తే తెరుచుకుంటుంది. వీటిలో ఎఫ్‌ఎంఎస్ ప్రత్యేకం. ఐఐఎం అహ్మదాబాద్ ఫీజు 25 లక్షలు దాటిపోతే, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో భాగమైన ఎఫ్‌ఎంఎస్‌లో రెండేళ్లకూ కలిపి రెండు మూడు లక్షల్లో అయిపోతుంది.

కానీ ఎఫ్‌ఎంఎస్‌కి, ఎస్‌పీజైన్‌కి విడిగా దరఖాస్తు పెట్టాలి, అవి ఎప్పుడో మూసేశారు. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ కోసం రాసే జాట్ పరీక్ష జనవరి మొదటి ఆదివారంతో అయిపోయింది. ఏ కాలేజీకి గురిపెట్టాలన్నది సెప్టెంబరులో అడగాల్సిన ప్రశ్న సార్. విత్తనం వేసే రోజుల్లో అడగాల్సింది కోత రోజుల్లో అడుగుతున్నారు.

ఈ ఏడాదికి మిగిలింది కొత్త ఐఐఎంలు. ఆ మార్కులకు, ఆ పర్సంటైల్‌కు వాటిలో కొన్ని పిలవొచ్చు. విశాఖ ఐఐఎం పిలిస్తే మీ ఇంట్లో పండగ చేసుకుంటారు, నాకు తెలుసు. 2015లో మొదలైంది, ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్ ఉంది, రాత్రి రైలెక్కితే పొద్దున్నకల్లా ఇల్లు చేరొచ్చు. మంచి సంస్థ. మార్కెటింగో, ఆపరేషన్సో చేయాలనుకునే పిల్లలకు నేనే చెబుతాను వెళ్లమని. కానీ మెకిన్సీ కోసమే అయితే బోర్డు మీద ఐఐఎం అన్న మూడక్షరాలు సరిపోవు. పాతవాటికీ కొత్తవాటికీ తేడా చదువులో కన్నా క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో ఎక్కువ.

ఐఎస్‌బీ సంగతి అడిగారు. దాని పుట్టుకలోనే కన్సల్టింగ్ ఉంది. 2001లో గచ్చిబౌలిలో తరగతులు మొదలైన ఆ స్కూలు వెనకున్న వాళ్లలో అప్పటి మెకిన్సీ అధిపతి రజత్ గుప్తా ఒకరు. అక్కడి ప్రధాన కోర్సుకి ఒక్క ఏడాది చదువు, జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ పరీక్ష స్కోరు, రెండేళ్లకు తగ్గని అనుభవం. నాలుగైదేళ్లు పనిచేసి వచ్చేవాళ్లు అక్కడ చాలామంది. ఖర్చు బసతో కలిపి 40 లక్షల చుట్టుపక్కల. ఐఐఎంలో మొదటి ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలలు ఒక సంస్థలో పనిచేస్తారు, బాగా చేస్తే అక్కడే ఉద్యోగం ఖాయం. ఐఎస్‌బీలో ఆ వేసవి ఉండదు. పాత అనుభవంతోనే నెగ్గుకు రావాలి. 20 నెలల అనుభవంతో మీ అమ్మాయికి ఐఎస్‌బీలో ఆ కోర్సు ఇప్పుడే కాదు, రెండు మూడేళ్ల తర్వాతి దారి. ఐఐఎం కుదరకపోయినా ఇది ఎక్కడికీ పోదు. పోలిక ఇంతకన్నా సాగదీయను, ఎందుకంటే నాకు అంతకంటే పెద్ద అనుమానాలున్నాయి.

కన్సల్టింగ్ కావాలనే పిల్లల్లో సగం మందికి అసలు కావలసింది ఐటీ ఉద్యోగంలోంచి బయటపడటమేనని నా అనుమానం. రోజంతా కంప్యూటర్‌లో ఫిర్యాదుల టికెట్లు మూసీ మూసీ విసుగొస్తుంది, తప్పు కాదు. కానీ దేన్నుంచి పారిపోతున్నారో తెలిసినంత స్పష్టంగా దేనివైపు వెళ్తున్నారో తెలియదు. ఐఐఎంలో జూన్‌లో అడుగుపెడితే దసరా, దీపావళి దాటేసరికి వేసవి ఉద్యోగాల ఎంపికలు మొదలవుతాయి. అప్పటికి అక్కడ నేర్చుకున్నదెంత? కన్సల్టింగ్ సంస్థలు పది, ఇంటర్, బీటెక్ మార్కులు, చేసిన ఉద్యోగం చూసి తొలి వడపోత పోస్తాయి. అంటే సీవీలో చాలా భాగం కాలేజీలో చేరకముందే రాసేసి ఉంటుంది. అక్కడ ఆగిపోయిన పిల్లలు, జీవితంలో ఎప్పుడూ ఫస్ట్ ర్యాంకు తప్ప చూడనివాళ్లు, హాస్టల్ గదిలో కూర్చుని ఏడుస్తూ నాకు ఫోన్ చేసిన రాత్రులున్నాయి. తర్వాత వాళ్లకు మంచి ఉద్యోగాలే వచ్చాయి. కానీ ఆ రాత్రి గురించి ముందు ఎవరూ చెప్పరు.

ఉద్యోగం వచ్చాకా అంతే. సోమవారం తెల్లవారుజామున ఎయిర్‌పోర్టు, వారమంతా హోటలు. పైకి ఎదగకపోతే బయటికి నడవాల్సిందే. రెండు మూడేళ్లకే చాలామంది వేరే కంపెనీలకు వెళ్లిపోతారు. 2023లో మెకిన్సీ సుమారు 1,400 ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు వార్తలొచ్చాయి. ఆ రోజుల్లోనే కొన్ని సంస్థలు తీసుకున్న ఎంబీఏలను కూడా నెలల తరబడి ఆగి చేరమన్నాయి. అదే ఏడాది మెకిన్సీ తన ఉద్యోగుల కోసం లిల్లీ అనే ఏఐ సాధనం తెచ్చింది. కొత్తగా చేరినవాళ్లు చేసే సమాచారం వెతకడం, స్లైడ్లు తయారుచేయడం లాంటి పనులే దానికి ముందు చిక్కేవి. ఆ చిన్న పనులు చేస్తూనే కదా కుర్రాళ్లు పెద్ద పని నేర్చుకునేది! వెళ్లొద్దని కాదు, 25 లక్షలు అప్పు చేసేముందు తెలుసుకోవాలని చెబుతున్నా. అప్పంటే గుర్తొచ్చింది, పేరున్న ఐఐఎంలకు ఎస్‌బీఐ స్కాలర్ లోన్ ఇల్లు, పొలం తాకట్టు లేకుండానే వస్తుంది. మీ కొట్టు పెట్టుబడి కదిలించకండి.

ఇప్పుడు కొంచెం కటువుగా. మీ పూర్తి ఉత్తరంలో సంబంధాల మాట మూడుసార్లు వచ్చింది, అమ్మాయి నోటి నుంచి వచ్చిన మాటలు రెండే ఉన్నాయి. ధర పడిపోతుందని భయపడి రైతు సరుకు తెగనమ్ముకోబోతే వారం ఆగమని చెప్పే మనిషి మీరు. ఆ ఓపిక కన్నకూతురి చదువు దగ్గరకొచ్చేసరికి ఏమైంది? చదువుకుంటోందని వెనక్కిపోయే సంబంధం వెనక్కిపోనివ్వండి.

పైగా ఉత్తరంలో అసలు విషయాన్ని మీరు బ్రాకెట్లలో పెట్టి ‘లెండి’ అని తీసిపారేశారు. సరుకు ఆపితే వడ్డీ ఎంత, అమ్మితే ధర ఎంత, ముందు ఎవరిది కదిలించాలి? కన్సల్టింగ్ ఇంటర్వ్యూల్లో అడిగేది సరిగ్గా ఇలాంటివే. పిల్లలు డబ్బు కట్టి కోచింగ్‌లో నేర్చుకునేది మీ అమ్మాయి మీ కొట్టులో నిజం డబ్బుతో చేసింది. ఆ పట్టిక వల్ల వడ్డీ ఎంత మిగిలిందో మీరూ తనూ కూర్చుని అంకె తేల్చండి. బీటెక్ 8.1 ఇక మారదు గానీ, ఈ అంకె సీవీలోకి ఎక్కుతుంది.

ఈ ఏడాది వచ్చిన ఇంటర్వ్యూలకు వెళ్లనివ్వండి, ఖర్చు రైలు టికెట్టే. సీటొస్తే చేరాలా వద్దా అన్నది తనని తేల్చుకోనివ్వండి. చేరనంటే ఉద్యోగం మానకుండా నవంబరులో మళ్లీ రాస్తుంది, ఈసారి మిగతా దరఖాస్తులు కూడా వేళకి పెడుతుంది.

ఈ వారాంతం ఇంటికొస్తే భోజనాల దగ్గర ఒక ప్రశ్న అడగండి: సీజన్ నడుమ ఒక రోజులో మన యార్డుకు ఎన్ని టిక్కీలు దిగుతాయి? మీకు జవాబు తెలుసు. తను లెక్క కడుతుంటే మధ్యలో అందుకోకండి.