మా అమ్మాయి ‘ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్’ అంటోంది, పంపించమంటారా?

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. పాతికేళ్ళుగా కేబుల్ నడుపుతున్నాను. టీవీ కనెక్షన్లు సగానికి పడిపోయాయి, ఇప్పుడు ఇంటర్నెట్ మీదే బతుకుతున్నాం. మా అమ్మాయి భీమవరంలో ఈసీఈ మూడో సంవత్సరం. క్లాసులో అందరూ కోడింగ్ నేర్చుకుని హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు తయారవుతుంటే, ఇది మాత్రం నెట్‌వర్కింగ్ చేస్తాను, ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్‌ల పనిలోకి వెళతాను, మన దగ్గర కూడా ఒకటి రావాలి అంటోంది. జీవితమంతా స్తంభాలెక్కి వైర్లు లాగినవాణ్ణి నేను. నా కూతురికీ అదే పనా అని టెన్షన్‌గా ఉంది. వాళ్ళమ్మకేమో నైట్ డ్యూటీల భయం. ఈ లైన్లో గవర్నమెంటు ఉద్యోగం ఏదైనా ఉంటుందా? (పేరు వేయవద్దన్న తండ్రి, కోనసీమ)

జవాబు:

అన్నయ్యగారూ, నమస్కారం. మీ అమ్మాయి అడుగుతున్నది మీ పనికి దగ్గరిదే కానీ మీ పని కాదు. ఆ తేడా తెలిస్తే సగం దిగులు పోతుంది. నేనూ మీ వైపు మనిషినే కాబట్టి మీకు తెలిసిన దానితోనే చెబుతాను.

సఖినేటిపల్లి రేవులో నిలబడితే ఏటి అవతల నరసాపురం కంటికి కనిపిస్తూ ఉంటుంది. పంటు ఉంటే బండితో సహా ఎక్కి అడ్డంగా దాటేస్తాం. గోదారి పోటెత్తి పంటు ఆపేశారనుకోండి, దిండి దాకా వెళ్ళి, చించినాడ వంతెన ఎక్కి, చుట్టూ తిరిగి రావాలి. ఊరు ఎదురుగానే ఉంది, పూటంతా ప్రయాణంలోనే పోతుంది. మన ఇంటర్నెట్‌కి రోజూ జరుగుతున్నది ఇదే. మీ కస్టమరు ఒక కంపెనీ నెట్ వాడుతున్నాడు. నరసాపురంలో ఉన్న వాళ్ళ వియ్యంకుడు ఇంకో కంపెనీ నెట్ వాడుతున్నాడు. ఇద్దరూ వీడియో కాల్ మాట్లాడుకుంటే ఆ మాట నేరుగా వశిష్ఠ గోదారి దాటదు. ఆ రెండు కంపెనీలు ఎక్కడ కలుసుకుంటాయో అక్కడిదాకా, అంటే చెన్నైకో ముంబైకో వెళ్ళి, వెనక్కి తిరిగి వస్తుంది. కంపెనీలన్నీ వచ్చి ఒకరికొకరు నేరుగా ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకునే రేవే ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్. ఒక డేటా సెంటర్లో పెద్ద ఈథర్‌నెట్ స్విచ్, అంటే ఎన్నో కనెక్షన్లను కలిపే పెట్టె, ఉంటుంది. ప్రతి కంపెనీ తన ఫైబర్ని అక్కడిదాకా తెచ్చుకుని, ఒక పోర్టు తీసుకుని, తన రూటర్ని దానికి కలుపుతుంది. సామాను పరంగా అంతే. అసలు పనంతా ఆ రూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడంలో ఉంది. మీ అమ్మాయి కన్ను పడింది దాని మీదే.

నేను చెప్పానని నమ్మవద్దు, మీ కంట్రోల్ రూమ్‌లోనే చూడండి. అమ్మాయిని తన ఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్ కలిపి, మీ కనెక్షన్ పబ్లిక్ ఐపీ అడ్రసుకి ట్రేస్‌రూట్ అనే కమాండు కొట్టమనండి. దారిలో తగిలిన ఒక్కో రూటరుకీ ఒక్కో లైను వస్తుంది, పక్కన ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఉంటుంది. నక్షత్రాలు వచ్చినచోట ఆ రూటరు జవాబివ్వలేదని అర్థం. మిగతా లైన్లలో రూటర్ల పేర్లు జాగ్రత్తగా చూస్తే చెన్నైకో ముంబైకో హైదరాబాద్‌కో విమానాశ్రయం టికెట్ మీద ఉండే మూడక్షరాల గుర్తు చాలాసార్లు దొరుకుతుంది. ఫైబర్లో వెలుగు మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. ముంబై మనకు గీత గీసినట్టు చూసినా దాదాపు 1000 కిలోమీటర్లు. వెళ్ళి రావడానికి ఎంత లేదన్నా 10 మిల్లీసెకన్లు. కేబుల్ వంకరలు, మధ్యలో రూటర్లు కలుపుకుంటే ఇంకా ఎక్కువ. ఒక్క కాల్‌కి ఇది లెక్కలోకి రాదు. కానీ ఊరంతటి ట్రాఫిక్కూ అంతదూరం మోయించడానికి నెలనెలా కిరాయి కడుతున్నది మీలాంటి వాళ్ళు, మీ పైన ఉన్న చిన్న ఐఎస్‌పీలు, అంటే ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు. ఆ బిల్లు ఎంత బరువో నాకంటే మీకే బాగా తెలుసు.

మన దేశంలో ఈ రేవులు మొదలై ఎంతో కాలం కాలేదు. 2003కి ముందు రెండు భారతీయ కంపెనీల మధ్య ట్రాఫిక్ విదేశాలకు పోయి తిరిగి రావడం మామూలు సంగతి. ఆ ఏడాది నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, లాభాపేక్ష లేని సంస్థగా పుట్టింది. నోయిడా, ముంబై, చెన్నై, కోల్‌కతాల్లో మొదట పెట్టారు. కానీ చాలాకాలం అందులో ఒక చిక్కు ఉండేది. ట్రాఫిక్ ఎవరు తెప్పించుకుంటే వాళ్ళే డబ్బు కట్టాలనే పద్ధతి. చిన్న ఐఎస్‌పీ కస్టమర్లు చూసేవాళ్ళే గానీ పంపేవాళ్ళు కాదు, అందుకని చిన్నవాడే పెద్దవాడికి కడుతూ వచ్చాడు. తర్వాత జర్మనీకి చెందిన డీఈ-సీఐఎక్స్ లాంటి ప్రైవేటు ఎక్స్ఛేంజ్‌లు మన నగరాలకు వచ్చాయి, గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాళ్ళు నేరుగా వచ్చి పోర్టులు తీసుకున్నారు, పోటీ పెరిగింది. ఎక్స్ఛేంజ్‌లకు విడిగా అనుమతి విధానం ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 నవంబరులో సిఫార్సు చేసింది. ఆ పైన 2023 టెలికాం చట్టం వచ్చింది. అంటే నిబంధనలు ఇంకా రూపు దిద్దుకుంటున్నాయి. మీ అమ్మాయి ఈ రంగంలోకి వచ్చే వేళ ఇది, నాకు మంచి వేళగానే కనిపిస్తోంది.

‘మన దగ్గర కూడా ఒకటి’ అన్న ఆమె మాట పిల్లచేష్ట అనుకోకండి. బ్రెజిల్లో సరిగ్గా ఇదే చేశారు. అక్కడ డాట్ బీఆర్ డొమైన్లు (వెబ్‌సైట్ పేర్లు) చూసే సంస్థ, వాటి మీద వచ్చే డబ్బుతోనే, 2004 నుంచి నగరం తర్వాత నగరంలో ఎక్స్ఛేంజ్ పెడుతూ వచ్చింది. ఇప్పుడు 30కి పైగా నగరాల్లో ఉన్నాయి. సావో పాలోలో ఉన్నది ప్రపంచంలోనే అతి పెద్ద వాటిలో ఒకటి. వాళ్ళ పద్ధతిలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. నగరంలో ఒకే బిల్డింగుకి అందరూ పరుగెత్తనక్కర్లేదు. నాలుగైదు చోట్ల కలిసే పాయింట్లు పెట్టి, వాటిని ఫైబర్తో కలిపి అన్నీ కలిసి ఒకే ఎక్స్ఛేంజ్‌గా పనిచేసేలా చేశారు. చిన్న ఐఎస్‌పీ తనకు దగ్గరున్న పాయింటుకి తీగ లాక్కుంటే చాలు, ఊరంతటితో కలిసినట్టే. మన కాలువల మీద ఎవరి తూము దగ్గర వాళ్ళు నీళ్ళు పెట్టుకున్నట్టు. రాజధానికీ సావో పాలోకీ దూరంగా ఈశాన్య తీరాన ఉన్న ఫోర్తలేజాలో సముద్రగర్భ కేబుళ్ళు ఒడ్డుకు చేరతాయి, అక్కడి ఎక్స్ఛేంజ్ కూడా బాగా పెద్దదైంది. ఇది చదివినప్పుడల్లా నాకు విశాఖపట్నం గుర్తొస్తుంది. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది, అందులో సముద్రగర్భ కేబుళ్ళ గేట్‌వే కూడా ఉంది. కేబుల్ ఒడ్డుకు వచ్చినంత మాత్రాన మన ఊళ్ళకు మేలు జరిగిపోదు. దాన్ని లోపలి ఊళ్ళకు, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి కలిపే మనుషులు కావాలి.

ఇక ఉద్యోగాల సంగతి, ఉన్నదున్నట్టు చెబుతాను. ఎక్స్ఛేంజ్‌లో ఉద్యోగాలు చాలా తక్కువ. పెద్ద ఎక్స్ఛేంజ్‌లు కూడా కొద్దిమంది ఇంజినీర్లతోనే నడుస్తాయి. మీ అమ్మాయి ‘ఎక్స్ఛేంజ్‌లో చేరతాను’ అని మొండిపట్టు పడితే ఏళ్ళు వేచి ఉండాల్సి రావచ్చు. కానీ ఆ స్విచ్చికి అటూ ఇటూ ఎవరున్నారో చూడండి. ఐఎస్‌పీలు, మొబైల్ కంపెనీలు, డేటా సెంటర్లు, వీడియో కంపెనీలు, బ్యాంకులు. ప్రతి ఒక్కరికీ తమ రూట్లు చూసుకునే మనిషి కావాలి. ఉద్యోగాలు అక్కడున్నాయి. మొదటి మెట్టు దాదాపు ఎప్పుడూ నెట్‌వర్క్‌ని రాత్రింబవళ్ళు కనిపెట్టి చూసే నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్, అందరూ నాక్ అంటారు. అక్కడ షిఫ్టులుంటాయి. మొదటి రెండేళ్ళు జీతం ఆమె క్లాసులో కోడింగ్ చేసిన పిల్లల కంటే తక్కువ ఉండొచ్చు, దానికి మీరు సిద్ధపడాలి. మూడు నాలుగేళ్ళకు రూటింగ్ నిజంగా వచ్చినవాళ్ళ పరిస్థితి వేరేగా ఉంటుంది, అలాంటివాళ్ళు సులభంగా దొరకరు కాబట్టి.

రూటింగ్ ‘రావడం’ అంటే ఏమిటో ఒక చిన్న విషయంతో చెబుతాను. ఇంటర్నెట్లో కంపెనీలు ఒకదానికొకటి ‘నా దగ్గర ఈ అడ్రసులున్నాయి, నా వైపు పంపు’ అని చెప్పుకునే భాష బీజీపీ. మొన్నామధ్య తణుకు నుంచి ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చి, ల్యాప్‌టాప్‌లో తను కట్టిన ల్యాబ్ చూపించాడు. ఎదురు రూటరుతో కనెక్షన్ పక్కన ‘యాక్టివ్’ అని ఉంది. ‘చూశారా మేడం, పనిచేస్తోంది’ అన్నాడు. బీజీపీలో యాక్టివ్ అంటే ప్రయత్నిస్తున్నాను, అవతలివాడు ఇంకా పలకలేదు అని. పలికితే ‘ఎస్టాబ్లిష్డ్’ అని వస్తుంది. పెద్ద పేరు పెట్టుకుని నలభై వేలు కట్టించుకున్న ఒక శిక్షణ కేంద్రం ఆ కుర్రాడికి పరీక్ష జవాబులు బట్టీ పట్టించింది గానీ ఈ ఒక్క మాట చెప్పలేదు. నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు. మీ అమ్మాయిని దయచేసి అలాంటి చోట చేర్పించకండి.

ఈ పనిలో తప్పు చేస్తే ఎంత దూరం పోతుందో కూడా ఆమెకు తెలియాలి. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్లో యూట్యూబ్ని తమ దేశం వరకు ఆపాలని ఒక తప్పుడు రూటు వేశారు. అది బయటికి పొక్కి ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ ఆగిపోయింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ఐదారు గంటలు మూగబోయాయి కదా, ఒక తప్పు మార్పు వల్ల ఆ కంపెనీ రూట్లు ఇంటర్నెట్ నుంచి మాయమవడమే కారణం. యూట్యూబ్‌కి జరిగినలాంటి తప్పుడు రూట్లను పట్టుకోవడానికి, ఎవరి అడ్రసులు వాళ్ళవేనని డిజిటల్ సంతకంతో నిరూపించే ఆర్‌పీకేఐ అనే పద్ధతి ఉంది. ఇది నేర్చుకున్న పిల్లకి ఇంటర్వ్యూలో విలువుంటుంది.

డబ్బు ఖర్చు లేకుండా ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. లినక్స్ వేసి, జీఎన్ఎస్3 అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో నాలుగు రూటర్లు పెట్టి, ఎవరైనా సొంతంగా లోపల వాడుకోవడానికని వదిలిన 64512 నుంచి 65534 వరకు ఏఎస్ నంబర్లలో (బీజీపీలో ఒక్కో కంపెనీ నెట్‌వర్క్‌ని గుర్తించే నంబరు) నాలుగు తీసుకుని నాలుగు కంపెనీలు తయారు చేయాలి. మధ్యలో ఒక స్విచ్ పెడితే అదే బుల్లి ఎక్స్ఛేంజ్. తర్వాత బర్డ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో రూట్ సర్వర్, అంటే ఎక్స్ఛేంజ్‌లో అందరి రూట్లూ తీసుకుని అందరికీ పంచే కంప్యూటర్, కట్టాలి. నిజమైన ఎక్స్ఛేంజ్‌లు చాలావాటిలో నడుస్తున్నది అదే. పీరింగ్‌డీబీ అనే సైటు అందరికీ ఉచితం, ఏ కంపెనీ ఏ ఎక్స్ఛేంజ్‌లో ఉందో అందులో చూడొచ్చు. ముందు మీకు నెట్ ఇచ్చే ఐఎస్‌పీనే వెతకమనండి, ఎక్కడెక్కడ కలుస్తోందో తెలిస్తే మీ ట్రేస్‌రూట్ ఎందుకలా తిరిగిందో ఇద్దరికీ అర్థమవుతుంది. ఆసియా పసిఫిక్‌లో ఐపీ అడ్రసులు పంచే సంస్థ ఏపీనిక్ నడిపే అకాడమీలో పాఠాలు ఉచితంగా ఉన్నాయి, అందులో కొత్త తరం అడ్రసుల పద్ధతి ఐపీవీ6 వదలకూడదు. సిస్కో కంపెనీ పెట్టే నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్ఏ నాలుగో సంవత్సరంలో రాస్తే చాలు. పైథాన్ మాత్రం తప్పదు. వందల రూటర్లను ఇప్పుడు చేత్తో కాదు, ప్రోగ్రామ్‌తో మారుస్తారు, కాబట్టి ‘కోడింగ్ వద్దు, నెట్‌వర్కింగే’ అనే మాట ఆమె మానుకోవాలి.

మీ దగ్గర ఉన్నదీ తక్కువ కాదండి. నగరంలో పెరిగిన పిల్లలు రూటరు స్క్రీన్ మీదే చూస్తారు. ఓఎల్‌టీ (ఇళ్ళకు వెళ్ళే ఫైబర్లన్నీ మొదలయ్యే పెట్టె) దగ్గర పవర్ మీటర్ పెట్టి సిగ్నల్ ఎక్కడ పడిపోయిందో చెప్పడం, వానలో గొడుగు కింద ఫైబర్ వలిచి, క్లీవర్తో తుంచి, స్ప్లైసింగ్ మెషీన్లో పెట్టి, స్క్రీన్ మీద రెండు వెంట్రుకవాసి గాజు తీగలు ఒకటై అతుక్కోవడం చూడటం, ఇవి మీ ఇంట్లో పెరిగితేనే వస్తాయి. ఈ సెలవుల్లో నెల రోజులు ఆమెను మీ వెంట తిప్పుకోండి. స్తంభం ఎక్కించక్కర్లేదు, కింద నిలబడి కారణం కనిపెట్టడం నేర్పండి. నాక్‌లో కూర్చున్నాక, స్క్రీన్ మీద ఎర్రగా మెరిసిన లింకు వెనుక ఏం జరిగి ఉంటుందో ఆమెకు ఊహ అందుతుంది.

గవర్నమెంటు ఉద్యోగం అడిగారు. ఈసీఈ కాబట్టి యూపీఎస్‌సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష రాయొచ్చు. ఎలక్ట్రానిక్స్, టెలికాం విభాగంలో ర్యాంకు వస్తే ఇండియన్ టెలికమ్యూనికేషన్ సర్వీస్ ఉంది. ఎక్స్ఛేంజ్‌ల అనుమతులు, నిబంధనలు చూసే టెలికాం శాఖలో పనిచేసే అధికారుల్లో చాలామంది ఆ సర్వీసువాళ్ళే. పోటీ గట్టిది, పోస్టులు కొన్నే. అందుకే దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, ఉద్యోగంలో చేరి చదవమనండి.

వదినగారి భయాన్ని నేను కొట్టిపారేయను. నైట్ షిఫ్ట్ ఉంటుంది. ఆఫర్ తీసుకునే ముందు మూడు విషయాలు అడిగించండి. ఇంటిదాకా క్యాబ్ ఇస్తారా, నెలకు ఎన్ని రాత్రులు, ఆ షిఫ్టులో ఇంకో ఆడపిల్ల ఉంటుందా. జవాబు తిన్నగా రాకపోతే ఆ ఆఫర్ వదిలేయొచ్చు, ఇంకోటి వస్తుంది. రెండేళ్ళ తర్వాత డిజైన్, పీరింగ్ (కంపెనీల మధ్య కలయికలు కుదిర్చే పని) వైపు మారితే రాత్రులు బాగా తగ్గుతాయి.

పంపించండి అన్నయ్యగారూ. వచ్చే వేసవికి ఆ నాలుగు రూటర్ల ల్యాబ్ పూర్తి చేసి, ఒక రూటరు ఆపేస్తే మిగతా మూడూ ఎంతసేపటికి కొత్త దారి పట్టాయో ఒక పేజీలో రాసి నాకు పంపమనండి. చదివి, ఎక్కడ దిద్దుకోవాలో నేనే రాస్తాను.