తాగుడు వివరాలు అడగబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

చీమకుర్తి క్వారీ పల్లెల్లో మద్యానికి బానిసలైనవారి వివరాలు ఇంటింటా సేకరించే పని నీకు అప్పగించారని తెలిసి, నెల్లూరు జిల్లా పల్లెల్లో ఏళ్ల తరబడి ఆరోగ్య కార్యకర్తగా తిరిగిన అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. నీకిచ్చే కాగితంలో వయసు, చదువు, కులం, ఆదాయం అనే గడులు ఉంటాయి. వాటిని నింపడం కష్టం కాదు. నింపాక వాటినే కారణాలని పొరబడకుండా ఉండడమే కష్టం. ఫలానా కులంవారు, చదువులేనివారు తాగుతారని తేల్చేసే నివేదికల వల్ల ఎవరికీ మేలు జరగలేదు.

అందుకని ముందుగా పని గురించి అడుగు. రోజంతా ఎండలో, రాతిదుమ్ములో, డ్రిల్లింగ్ మోతలో ఒళ్లు హూనం చేసుకున్నవాడు నొప్పులు తెలియకుండా నిద్రపట్టాలని మొదలుపెడతాడు. పెళ్లాంబిడ్డలను ఊళ్లో వదిలి షెడ్డులో ఉండే వలస కూలీకి పొద్దుగూకితే పలకరించే మనిషి ఉండడు. కూలి ఏ రోజున ముడుతుంది, చేతికిస్తారా, బ్యాంకులో వేస్తారా, మేస్త్రీ లెక్క ఎక్కడ తేలుస్తాడు, అతని దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఎంత మిగిలి ఉంది అన్నవి తప్పక రాసుకో. బెల్టు షాపు అరుగు మీదే కూలి పంచే ఊళ్లో డబ్బు ఇల్లు చేరేలోపే సగమవుతుంది. ఆ ఊరి మగవాళ్లకు మనోబలం లేదని రాస్తే అది అన్యాయం.

మా కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు ఈ సంగతిని ఏ సర్వే లేకుండానే పసిగట్టారు. 1991లో జిల్లాలో మొదలైన అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని మాట్లాడుకుంటూ, మగవాళ్లకు బుద్ధులు చెప్పడంతో సరిపెట్టకుండా, ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. రోసమ్మ వంటివారు ముందు నిలిచిన ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం సడలిపోయింది కానీ, దుకాణం ఇంటికి ఎంత దూరంలో ఉందో అడగాలన్న పాఠం మాత్రం ఈనాటికీ పనికివస్తుంది.

తాగేవారందరూ బానిసలు కారు. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది తాగుతుండగా, మద్యం సమస్యకు సాయం అవసరమైనవారు 5.7 కోట్ల మంది. ఈ తేడా తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నలను వాడు. 40కి 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ముప్పు మొదలైనట్టు, 20 గానీ ఆపైన గానీ వస్తే బానిసత్వం ఉండవచ్చునని అర్థం. అదే సర్వేలో తాగే మగవారు 27.3 శాతం, ఆడవారు 1.6 శాతం. ఇంత తక్కువ కదా అని ఆడవాళ్లను అడగడం మానవద్దు, ఎందుకంటే సిగ్గుతో దాచుకునేవారే సాయానికి అందరికన్నా ఆలస్యంగా వస్తారు. మొదటి చుక్క ఏ వయసులో తాగాడో కూడా అడుగు. పదిహేనేళ్లలోపే మొదలుపెట్టినవారికి, తండ్రి బానిసగా ఉన్న ఇంట పుట్టినవారికి ముప్పు ఎక్కువ. ఉద్యోగస్తుల ఇళ్లను వదిలేయకు. అక్కడా తాగుడు ఉంటుంది. పరువు పోతుందని తలుపు వేసుకుంటారు, అంతే. ఒకే మోతాదు తాగినా కూలివాడి ఒంటికి, సంసారానికి ఎక్కువ దెబ్బ తగలడానికి తిండి, వైద్యం, అప్పు కారణాలు.

పొద్దున్నే ఇంటికి వెళ్లినప్పుడు తాగే మనిషి టీ గ్లాసు ఎలా పట్టుకున్నాడో చూడు. రెండు చేతులతో పట్టుకున్నా గ్లాసు అంచు పళ్లకు తగిలి టకటకలాడుతుంటే, "ఈరోజే మానెయ్" అని ఎంతమాత్రం చెప్పకు. ఒళ్లు అలవాటుపడ్డాక ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. అతని భార్యతో విడిగా, బోరింగు దగ్గరో పొలం గట్టునో మాట్లాడు. తాగుడు మానడానికి సాయం చేసే ఉచిత హెల్ప్‌లైన్ 14446 నంబరును కాగితం మీద కాక ఆమె ఫోనులోనే దాచిపెట్టు.

ప్రశ్నల కాగితం అచ్చుకు వెళ్లకముందే ఒక నకలు నాకు పంపించు. కూలి ముట్టే రోజుకు, చోటుకు అందులో గడి లేకపోతే మీ అధికారికి ఎలా రాయాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ
కలిగిరి