మా వాడ కుర్రాళ్లు ‘ఏటి’ అని పాడిన రోజు

ర్యాప్ పాడే హిప్-హాప్ బృందం ఒక పేద వాడ బతుకును నిజంగా వినిపించగలదా, మన చిన్న పట్టణాల్లో అది సాధ్యమేనా అని మీరు అడిగారు. వినిపించగలదన్నదే నా సమాధానం. అయితే ఆ కుర్రాళ్లు ఏ భాషలో పాడుతున్నారన్నది ముందు చూడాలి.

నేను విజయనగరంలో పారిశుద్ధ్య కార్మికుల వాడలో పుట్టి పెరిగాను. మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే చీపురు పట్టుకొని బయలుదేరేది. రెండేళ్ల క్రితం మా అన్నయ్య కొడుకు, వాడి స్నేహితులు ముగ్గురు ఫోనులో బీటు పెట్టుకొని ర్యాప్ సాధన మొదలుపెట్టారు. తొలి పాట కాలువల్లో పూడిక తీసేవారి గురించే అయినా, అందులోని భాష మాత్రం సినిమాలదే. ఒక సాయంత్రం ‘ఏంటి సార్, గ్లౌజులేవి?’ అని వాళ్లు పాడుతుండగా, గుమ్మంలో బియ్యం ఏరుతున్న మా అమ్మ తలెత్తి, ‘మనం అలాగంటామేట్రా?’ అని అడిగింది. వాళ్లు దానిని ‘ఏటి బాబూ’ అని మార్చారు. ‘ఏంటి’ అన్నప్పుడు సున్న దగ్గర నాలుక కాస్త ఆగుతుంది. ‘ఏటి’ అనగానే ఆ ‘టి’ సరిగ్గా డప్పు దెబ్బ మీద పడింది.

మా యాసను తెర మీద చాలాకాలం నవ్వించే పాత్రలకే ఇస్తూ వచ్చారు. కళాశాలలో నేను ‘ఏటి’ అన్నందుకు తరగతంతా నవ్వితే, కొన్నేళ్లపాటు ఆ మాటనే నోట రానివ్వలేదు. అదే మాటను ఆ నలుగురూ కోపంతో, తలెత్తుకొని పాడుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు.

ర్యాప్ మనకు పరాయిదన్న వాదనను నేను ఒప్పుకోను. 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఒక అపార్ట్‌మెంటులో నడిపిన పార్టీ నుంచి హిప్-హాప్ పుట్టిందంటారు. మన ఉత్తరాంధ్ర జానపద కళ జముకుల కథలోనూ కథకుడు మాటను లయ మీద నడిపిస్తే పక్కనున్న వంతలు అందుకుంటారు. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన జానపద గాయకుడు వంగపండు ప్రసాదరావు, 2020లో కన్నుమూసేవరకు, ఉత్తరాంధ్ర పలుకును దాచుకోకుండానే పాడారు. చెన్నైలో దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా 2017లో నిలబెట్టిన ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందం కూడా, ఉత్తర చెన్నై వాడల్లో చావు ఇళ్ల దగ్గర పాడే గానాను ర్యాప్‌తోనూ రాక్‌తోనూ కలిపి, రిజర్వేషన్ల గురించీ గొడ్డు మాంసం తినేవారిపై వివక్ష గురించీ ఆ వీధి తమిళంలోనే పాడింది. ‘కులం లేని తమిళులు’ అన్న తమిళ కుల వ్యతిరేక మేధావి అయోతీ దాసు మాటే ఆ పేరుకు మూలం.

నిరుడు పైడితల్లమ్మ సిరిమానోత్సవం మర్నాడు, ఊరంతా మిగిల్చిన చెత్తను ఎత్తి ఇళ్లకు చేరుతున్న మా వాడ ఆడవాళ్ల ముందు కుర్రాళ్లు ఆ పాట పాడారు. తోపుడు బండి పక్కకు పెట్టి, చేతులు కడుక్కోకుండానే నిలబడి విన్న ఒక పెద్దమ్మ, ‘ఇంకోపాలి పాడండ్రా నాయనా’ అంది. ఆ రాత్రి వాళ్లు దానిని నాలుగుసార్లు పాడారు.