మొక్కల ట్యాంకులోకి ఏ సిక్లిడ్‌లను తీసుకోవచ్చు?

మూడడుగుల ట్యాంకులో మొక్కలు బాగా కుదురుకున్నాయనీ, పదిహేను కార్డినల్ టెట్రాలు (గుంపుగా ఈదే చిన్న చేపలు), ఆరు కోరిడోరాస్‌లు (అడుగున ఇసుకను వెతుక్కునే మీసాల చేపలు) ఇప్పటికే ఉన్నాయనీ, వాటితో కలిసి బతకగల సిక్లిడ్‌లు ఏవో చెప్పమనీ మీరు అడిగారు. దుకాణంవారు ఒక జత బ్లూ రామ్‌లనూ, రెండు ఏంజెల్‌లనూ, నాలుగు మలావీ ఎల్లోలనూ కలిపి వేసుకోమన్నారని కూడా రాశారు. దయచేసి ఆ సలహా పాటించకండి. హైదరాబాదులో పదకొండేళ్లుగా మొక్కల ట్యాంకులు నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను: ఈ కొలత ట్యాంకులో అడుగుభాగానికి ఒకే జాతి సిక్లిడ్ ఉండాలి, ఆ జాతికి కావలసిన నీరు, వేడి తక్కిన చేపలకు కూడా సరిపడాలి.

సిక్లిడ్ అన్నది ఒక చేప పేరు కాదు, చాలా పెద్ద కుటుంబం పేరు. మన చెరువుల్లోని తిలాపియా, కేరళవారి కరిమీను, ఆస్కార్, డిస్కస్ అన్నీ ఆ కుటుంబానివే. కాబట్టి ఏ నీటి నుంచి వచ్చిన చేప అన్నదే మొదట అడగవలసిన ప్రశ్న. మలావీ ఎల్లోలు ఆఫ్రికాలోని మలావీ సరస్సుకు చెందినవి. అక్కడి నీరు గట్టి (ఖనిజ లవణాలు ఎక్కువగా ఉన్న) క్షార జలం, పీహెచ్ 8 చుట్టుపక్కల ఉంటుంది. మీ కార్డినల్‌లు నల్లని మెత్తటి ఆమ్ల జలాల్లో పుట్టిన చేపలు. ఈ రెండింటినీ ఒకే నీటిలో ఉంచితే ఎవరో ఒకరు రోజూ బాధపడుతూ బతుకుతారు. పైగా మలావీ చేపలకు ఇసుక తవ్వే అలవాటు ఉంది. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, కన్విక్ట్ వంటివి మొక్కల ట్యాంకుకు అసలే పనికిరావు.

ఒకే జాతి అని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలంటే నా ట్యాంకులో జరిగినది చెప్పాలి. ఏడేళ్ల క్రితం సరిగ్గా మీలాంటి ట్యాంకులోనే ఒక జత క్రిబెన్సిస్‌లనూ, ఒక జత బొలీవియన్ రామ్‌లనూ కలిపి వేశాను. క్రిబెన్సిస్‌లు దక్షిణ నైజీరియా వాగుల చేపలు. చూడముచ్చటగా ఉంటాయి, మొక్కలను తినవు, కొంత గట్టి నీటిని కూడా తట్టుకుంటాయి. నాలుగు నెలలు ఏ గొడవా లేదు. తరువాత ఒకరోజు ఆడచేప పొట్ట పండిన నేరేడు రంగుకు తిరిగింది. అది కొబ్బరి చిప్ప కిందికి దూరి, నోటినిండా ఇసుక తెచ్చి, పక్కనే ఉన్న క్రిప్టోకొరైన్ మొదలు మీద ఉమ్మేసి, మళ్లీ లోపలికి వెళ్లడం గంటలకొద్దీ చూశాను. సాయంత్రానికి ఆ మొక్క సగం ఇసుకలో కూరుకుపోయింది. పిల్లలు బయటికి వచ్చిన నాటి నుంచి ట్యాంకు అడుగున సగానికి పైగా ఆ జతదే అయిపోయింది. రామ్‌లు రెండూ ఫిల్టర్ గొట్టం వెనక, నీటి పైభాగంలో, తల కిందికి పెట్టుకుని నిలబడ్డాయి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయినవి కోరిడోరాస్‌లు. మిగతా చేపలను బెదిరిస్తే అవి తప్పుకుంటాయి. కోరిడోరాస్‌కు హద్దు అన్న ఎరుకే లేదు. ఎంత తరిమినా మళ్లీ మీసాలతో ఇసుకను వెతుక్కుంటూ అదే గుహ దగ్గరికి వస్తుంది. తోక రెక్కలు కొరుక్కుపోయి, ఆరింటిలో రెండు చనిపోయాయి. ఆ చేపలది తప్పు కాదు, క్రిబెన్సిస్‌లదీ కాదు. స్థలం చూసుకోకుండా కలిపిన నాది. అందుకే కోరిడోరాస్ ఉన్న మూడడుగుల ట్యాంకుకు క్రిబెన్సిస్ జతను నేను ఎవరికీ సూచించను. ఒక్క క్రిబెన్సిస్‌ను మాత్రమే పెంచదలిస్తే అభ్యంతరం లేదు.

బ్లూ రామ్ అందమైన చేపే, మొక్కలకు హాని చేయదు. అయితే అది వెనిజులా, కొలంబియా మైదానాల వెచ్చని నీటి చేప; 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటేనే ఆరోగ్యంగా ఉంటుంది. కార్డినల్‌లు 28 వరకు బాగానే తట్టుకుంటాయి. కోరిడోరాస్‌లలో స్టెర్బై రకం కూడా ఆ వేడికి నిలుస్తుంది. చుక్కల పెప్పర్డ్ రకం మాత్రం చల్లని నీటిది, అక్కడ నలిగిపోతుంది. మీ దగ్గర ఉన్నది ఏ రకమో ముందుగా చూసుకోండి. కొత్త ట్యాంకులో బ్లూ రామ్‌ను ఎప్పుడూ వేయకూడదు. పొట్ట గుండ్రంగా ఉబ్బి ఉండే బెలూన్ రామ్ రకం జోలికి అసలు పోవద్దు. ఆ వంకర వెన్నెముక మనుషులు కావాలని పెంచి తెచ్చినది, అలాంటి చేపను కొనడానికి నాకు మనసు ఒప్పదు.

బొలీవియన్ రామ్‌కు రంగులు తక్కువే, కాని 24 నుంచి 27 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. చాలా రకాల కోరిడోరాస్‌లతో సర్దుకుంటుంది, చిన్నచిన్న పొరపాట్లను ఓర్చుకుంటుంది. మొదటిసారి సిక్లిడ్ పెంచేవారికి నేను ముందుగా చెప్పేది దీని పేరే. పిల్లలు పెట్టినప్పుడు ఇది కూడా తరుముతుంది గాని, ప్రాణం మీదికి తెచ్చేంతగా తరమడం నా ట్యాంకులో ఎన్నడూ చూడలేదు.

మీకు రంగులే ముఖ్యమైతే అపిస్టోగ్రామా కకటువాయిడెస్‌ను చూడండి. పెరూ వైపు అమెజాన్ నీళ్లలో ఉండే ఈ చేప, తన జాతివాటిలో కొంత గట్టి నీటికి బాగా అలవాటు పడేది. ఒక మగచేపకు రెండు ఆడచేపలు చాలు. ప్రతి ఆడచేపకూ విడిగా ఒక గుహ ఉండాలి, ఒక గుహలోంచి చూస్తే రెండోది కనిపించకూడదు. సగానికి కోసి ఉడకబెట్టిన కొబ్బరి చిప్పకు చిన్న ద్వారం చెక్కితే చాలు, కొనవలసిన పనే లేదు. మధ్యలో డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో పెట్టే చెక్క దుంగ), దాని మీద దారంతో కట్టిన అనుబియాస్ మొక్క ఉంటే చూపుకు అడ్డుగా నిలుస్తాయి. అనుబియాస్ కాండాన్ని మాత్రం ఇసుకలో పూడ్చకండి, కుళ్లిపోతుంది. సిక్లిడ్‌లు తవ్వినా దానికీ, జావా ఫెర్న్‌కూ ఏమీ కాదు. క్రిప్టోకొరైన్ వంటి వేరు మొక్కల మొదట్లో నాలుగైదు గులకరాళ్లు పేర్చండి.

ఏంజెల్‌ల విషయానికి వస్తే, అవి చిన్నప్పుడు సాధువులే. పెరిగాక కార్డినల్‌లు వాటి నోట పడతాయి. పైగా వాటికి కనీసం 18 అంగుళాల లోతు కావాలి.

ఇక నీరు. మా ఇంటి బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) 700 దాటుతుంది. రెండు పాళ్లు ఆర్వో నీటికి ఒక పాలు బోరు నీరు కలిపితే 250 దగ్గరికి వస్తుంది. రామ్‌లు, అపిస్టోలు ఆ నీటిలోనే నా దగ్గర గుడ్లు పెట్టాయి. పీహెచ్ తగ్గించే మందులు గట్టి నీటిలో పోయవద్దు. నీటిలోని కార్బొనేట్ వల్ల పీహెచ్ మర్నాటికే మళ్లీ పైకి లేస్తుంది, ఆ ఊగిసలాటే చేపలను ఎక్కువగా దెబ్బతీస్తుంది.

మీ ట్యాంకుకు నేనైతే ఒక జత బొలీవియన్ రామ్‌లనో, ఒక మగ, రెండు ఆడ అపిస్టోలనో తీసుకుంటాను, రెండింటినీ కాదు. సాయంత్రం లైటు ఆర్పిన తరువాత వేయండి. మొదటి రెండు వారాలు మేత వేసేటప్పుడు కోరిడోరాస్‌ల తోకలను గమనించండి. అంచులు చిరిగినట్టు కనిపిస్తే సిక్లిడ్‌లలో తరిమే దానిని పట్టి వేరు చేయడానికి, ఫిల్టర్ తిరుగుతున్న ఒక చిన్న ట్యాంకును ఇప్పుడే సిద్ధంగా పెట్టుకోండి.