రెండు వేల లోపు దొరికే ఇల్లు ఊడ్చే రోబోలు ఆన్‌లైన్‌లో కొనవచ్చా?

వద్దండీ. ఒకటి కొని వాడాకే చెబుతున్నాను.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, వంగి ఊడవలేదు. పనిమనిషి రాని రోజు ఇబ్బందేనని, 1,799 రూపాయలకు "ఊడుస్తుంది, తుడుస్తుంది, క్రిములను చంపుతుంది" అన్న ప్రకటన చూసి ఆర్డర్ పెట్టేశాను. పెట్టె విప్పితే అన్నం పళ్లెమంత ప్లాస్టిక్ డబ్బా, ఫోన్ చార్జర్ లాంటి వైరు. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు.

గోడకు తగిలితే తిరుగుతుంది, కుర్చీ కాలికి తగిలితే మళ్లీ తిరుగుతుంది. ఊడ్చిన చోటే నాలుగుసార్లు ఊడ్చింది, మూలల జోలికి పోలేదు. వంటింట్లో కింద పడ్డ ఆవాలను లోపలికి లాక్కోకపోగా, పక్క బ్రష్షుతో నలువైపులా చిమ్మింది. మూడో రోజుకు అమ్మ వెంట్రుకలు చక్రానికి చుట్టుకుని ఆగిపోతే కత్తెరతో కోసి తీశాను. మరోరోజు సోఫా కింద చార్జింగ్ అయిపోయింది. నేను ఇంటికొచ్చేసరికి అమ్మ నేలమీద పడుకుని చీపురుతో దాన్ని బయటికి లాగుతోంది. ఆమె వంగకూడదనే కదా కొన్నాను! చాలా బాధేసింది. వాపసు అడిగితే, ఇంకోటి మార్చి ఇస్తాం తప్ప డబ్బు ఇవ్వమన్నారు.

ఆ ధరకు ఇంటి మ్యాపు గీసుకునే సెన్సర్ రాదు. లైడార్ అనే ఆ సెన్సర్ ఉన్నవైతే లేజర్‌తో గోడల దూరం కొలుచుకుని వరుసగా ఊడుస్తాయి, చార్జింగ్ తగ్గితే తమంతట తామే డాక్ (చార్జింగ్ స్టాండు) దగ్గరికి వెళ్తాయి. వివరాల్లో ముందు ఈ డాక్ సంగతి చూడండి. అది లేకపోతే మోటారు పెట్టిన బొమ్మ కిందే లెక్క.

ఏడాది తర్వాత పండగ సేల్‌లో 17 వేలు పెట్టి లైడార్ ఉన్నది తీసుకున్నాం. హాలు, రెండు బెడ్‌రూములు శుభ్రంగా ఊడుస్తోంది. అయితే మన ఇళ్లలో గడపలతోనే తంటా. రెండు సెంటీమీటర్లు దాటితే చాలావరకు ఎక్కలేవు, మాది పూజగదిలోకి పోనే పోదు. కొనేముందు స్కేలు పెట్టి కొలవండి. బ్రష్షులు, ఫిల్టర్లు, బ్యాటరీ విడిగా దొరుకుతాయో లేదో కూడా కనుక్కోండి. ఇక తుడవడం అంటారా, చాలా వాటిలో తడిగుడ్డను ఈడ్చుకుంటూ పోవడమే, జిడ్డు వదలదు.

అంత డబ్బు పెట్టలేమనుకుంటే, ఆ రెండు వేలకు పొడుగు కర్ర చీపురు, బకెట్‌లోనే పిండుకునే స్పిన్ మాప్ రెండూ వచ్చేస్తాయి. వంటింటికి మా అమ్మ ఇప్పటికీ వాటినే నిలబడి వాడుకుంటోంది.