పొద్దు వాలకముందే చేరండి

సెలవుల కాలం దగ్గర పడింది కాబోలు, ఈసారి ఉత్తరాలన్నీ మోటారుసైకిలు ప్రయాణాల గురించే. కొత్త పాఠకుల కోసం ఒక మాట: నేను భూగోళశాస్త్రం చెప్పి రిటైరైన టీచరును. బండి నడపడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఈ ఇరవై ఆరేళ్లూ వెనక కూర్చుంటున్నది మా ఆయన. ఆయనకు బండి నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

ప్రశ్న: టీచరుగారూ, నాకూ నా భార్యకూ తొమ్మిది రోజుల సెలవు దొరికింది. కొండలు, అడవులు, నది ఒడ్డు దారులు అన్నీ వచ్చేలా 2,700 కిలోమీటర్ల ప్రయాణం వేసుకున్నాను. రోజుకు 300. ఫోనులో చూస్తే రోజుకు ఆరున్నర గంటలే అంటోంది. గదులు కూడా ముందే మాట్లాడుకున్నాను. ఇంకా ఏమేం చూసుకోవాలి?

జవాబు: ఆ గదులు రద్దు చేసుకునే వీలుందో లేదో ముందు చూసుకోండి.

2,700ను 9తో భాగిస్తే 300. భాగహారంలో తప్పు లేదు. అన్ని కిలోమీటర్లూ ఒకే పొడవు అనుకోవడంలో ఉంది. వెడల్పాటి చదును రోడ్డు మీద బండి నడుస్తున్నంతసేపూ సగటున గంటకు 50 కిలోమీటర్లు సాగుతుంది. పల్లె దారుల్లో అదే 35కు దిగుతుంది. మలుపుల కొండదారిలో 25 దాటితే గొప్ప. ఫోను చెప్పే సమయం ఎక్కడా ఆగకుండా పోయే వాహనానికి వేసిన లెక్క. పెట్రోలు పోయించుకోవడం, వాన కోటు తొడుక్కోవడం, మీ భార్య భుజం తట్టి "ఆపండి, ఆ లోయ చూడండి" అనడం అందులో ఉండవు. మీరు బయలుదేరుతున్నది ఈ మూడోదాని కోసమే అనుకుంటున్నాను.

మీ పట్టికలో కొండల రోజులు నాలుగు. 300 కిలోమీటర్లకు గంటకు 25 చొప్పున పన్నెండు గంటలు, అదీ సీటు దిగకుండా. పైగా కొండల్లో పొద్దు పంచాంగం చెప్పినదానికంటే ముందే పోతుంది. సూర్యుడు పడమటి గట్టు వెనక్కి జారగానే లోయ అంతా నీడ. పైన ఆకాశం ఇంకా వెలుగుగానే ఉంటుంది, కింద దారి మీద గుంత మాత్రం కనిపించదు.

ఇది నాకు అనుభవమే. మా మొదటి పెద్ద ప్రయాణంలో ఐదో రోజుకు నేను 280 కిలోమీటర్లు వేశాను. మధ్యాహ్నం ఒక వంతెన దగ్గర మరమ్మతు జరుగుతుంటే రెండు గంటలు నిలబడిపోయాం. చివరి నలభై కిలోమీటర్లు చీకట్లో, హెడ్‌లైటు వెలుగు పడిన ఆ కాస్త రోడ్డునే చూసుకుంటూ, రెండో గేరు దాటకుండా ఎక్కాం. పొద్దున గది కిటికీ తీస్తే ఎదురుగా లోయ, దాని అడుగున వంకర్లు తిరుగుతూ నది. రాత్రి మేము దాని అంచునే వచ్చాం. అసలు ఆ లోయ చూడటానికే ఆ ప్రయాణం పెట్టుకున్నాం! మా ఆయన ఏమీ అనలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి "ఐదో రోజు: హెడ్‌లైటు చూశాం" అని రాసుకున్నారు. ఆ పుస్తకం ఇంకా ఆయన దగ్గరే ఉంది, అవసరమైనప్పుడు తీస్తుంటారు.

అప్పటినుంచి నేను రోజును చివరి నుంచి మొదటికి కడతాను. ముందు సూర్యాస్తమయం ఎన్నింటికో రాస్తాను. అందులోంచి రెండు గంటలు తీసేస్తే అది చేరవలసిన సమయం. ఆ రెండు గంటలూ పంచరుకు, దారి తప్పడానికి, రోడ్డుకు అడ్డంగా పడిన చెట్టుకు. ఇవేవీ జరగకపోతే చేరిన ఊళ్లో కాలినడకన తిరగడానికి. తర్వాత మధ్యాహ్నం ఒక గంట తీసేస్తాను. భోంచేశాక రెండు నుంచి నాలుగు మధ్య కళ్లు మూతలు పడతాయి, అది ఒంటి స్వభావం, ధైర్యంతో నెట్టుకొచ్చేది కాదు. గంటన్నరకోసారి పావుగంట దిగి నడవడం కూడా తీసేస్తాను. అప్పుడు మిగిలేదే ప్రయాణం. కొండల్లో అది 130 కిలోమీటర్లు, చదునులో 250.

ఈ లెక్కన నాలుగు కొండ రోజులకు 520, నాలుగు చదును రోజులకు 1,000. తొమ్మిదో రోజును ఎక్కడికీ వెళ్లని రోజుగా మధ్యలో పెట్టండి. వాన పట్టుకుంటే ఆ రోజు ఆదుకుంటుంది. పట్టుకోకపోతే చైను తుడిచి నూనె పట్టించుకోండి. 500 కిలోమీటర్లకోసారి అది ఎలాగూ చేయవలసిన పనే. మొత్తం 1,520. మీ పట్టికలో మిగిలిన 1,180 కిలోమీటర్లు వచ్చే ఏడాదికి దాచుకోండి.

ఇక దారి ఎంచుకోవడం. ఇక్కడ కొంచెం పాఠం చెబుతాను, ఓపిక పట్టండి. 1:2,00,000 స్కేలు కాగితపు మ్యాపు ఒకటి సంపాదించండి. అందులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద రెండు కిలోమీటర్లు. కాంటూరు రేఖలు, అంటే ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీతలు, చూడండి. దారి రేఖల వెంబడి సాగుతుంటే అది కొండ నడుము చుట్టూ దాదాపు సమతలంగా పోతోందని అర్థం. ఒక పక్క కొండ, రెండో పక్క చూసినంత దూరం ఖాళీ. అలాంటి దారి కోసం ముప్ఫై కిలోమీటర్లు చుట్టు తిరిగినా నష్టం లేదు. దారి రేఖలను కోసుకుంటూ పోతే ఎక్కుడో దిగుడో. రేఖలు ఒత్తుగా ఉన్నచోట దారి కుట్టుమిషను కుట్టులా అటూ ఇటూ పడి ఉంటే అవి హెయిర్‌పిన్ మలుపులు. వాటిని పొద్దుటి పూటకు, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు పెట్టుకోండి.

చాలామందికి తట్టని సంగతి ఎండ. ఉదయం తూర్పుకు, సాయంత్రం పడమరకు నడిపితే రోజంతా సూర్యుడు కళ్లలోనే ఉంటాడు. మీ దారి చుట్టు తిరిగి ఇంటికే వచ్చేదైతే దాన్ని ఎటు నుంచి మొదలుపెట్టినా దూరం ఒకటే. పొద్దున పడమరకు, మధ్యాహ్నం దాటాక తూర్పుకు వెళ్లే భాగాలు ఎక్కువ వచ్చేలా దిశ ఎంచుకోండి. ఎండ మీ వీపు మీద పడితే ఎదుటి కొండ రంగులన్నీ తేరి కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త. అప్పుడు ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్లలో ఎండ ఉంటుంది, మీరు అతనికి కనిపించకపోవచ్చు.

చలి సంగతి కూడా ముందే లెక్క వేసుకోండి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద 28 ఉంటే 2,000 మీటర్ల ఎత్తున 15. ఇది నిలబడి ఉన్నవారికి. నడిచే బండి మీద గాలి కూడా తోడవుతుంది. 10 డిగ్రీల గాలిలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే ఒంటికి 4 డిగ్రీల చలిలా తగులుతుంది. ముందుగా మొద్దుబారేవి వేళ్లు. బ్రేకు, క్లచ్ పట్టుకునేవీ అవే. చేతి తొడుగులు సంచి అడుగున కాకుండా పైన పెట్టండి.

ప్రశ్న: మా అన్నయ్య బండి వెనక కూర్చుని రెండు వారాల ప్రయాణానికి వెళుతున్నాను. సలహాలన్నీ నడిపేవారికే ఇస్తారెందుకు?

జవాబు: బాగా అడిగావమ్మా. దీనికి జవాబిచ్చే అర్హత నాకు లేదు. మా ఆయన చెబుతుంటే రాస్తున్నాను.

"బండితో ఇచ్చిన పుస్తకంలో అది మోయగల గరిష్ఠ బరువు ఉంటుంది. అందులో మీ ఇద్దరి బరువూ, సామానూ, హెల్మెట్లూ కూడా కలిసే ఉంటాయి. ముందు రోజు రాత్రి కూడి చూసుకోండి. ఇద్దరు కూర్చున్నప్పుడు వెనక టైరులో ఎంత గాలి ఉండాలో అక్కడే వేరుగా రాసి ఉంటుంది. పొద్దున బయలుదేరకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవమనండి. మలుపు ఎటు తిరిగితే నడిపేవారి ఆ వైపు భుజం మీదుగా ముందుకు చూడండి. ఒళ్లు దానంతట అదే బండితో పాటు వంగుతుంది. భయపడి అవతలి వైపుకు ఒరిగితే, అదే మలుపు తిరగడానికి నడిపేవారు బండిని ఇంకా ఎక్కువ వంచవలసి వస్తుంది. చెప్పకుండా ఎక్కవద్దు, చెప్పకుండా దిగవద్దు.

"గాలి హోరులో మాటలు వినిపించవు కాబట్టి సంకేతాలు పెట్టుకోండి. మాకు భుజం మీద ఒక తట్టు అంటే ఫొటో, రెండు తట్లు అంటే నడుము నొప్పి, భుజం గట్టిగా పట్టుకుంటే వెంటనే ఆపమని. మూడోది నాలుగుసార్లు వాడవలసి వచ్చింది. ఇంకొకటి. మీ హెల్మెట్ వెళ్లి ముందు హెల్మెట్‌కు టక్కున తగిలిందంటే మీరు నిద్రపోతున్నారన్నమాట. సిగ్గుపడకుండా ఆపించండి."

మూడో సంకేతం వాడింది రెండుసార్లే. ఆయన పుస్తకంలో నాలుగని ఉందట.

ప్రశ్న: నా బండి ఏడేళ్ల పాత 125 సీసీ. దూరప్రయాణానికి పెద్ద బండి కొనక తప్పదా?

జవాబు: 1885లో గోట్‌లీబ్ డైమ్లర్ తయారుచేసిన తొలి పెట్రోలు మోటారుసైకిలు ఇంజను శక్తి అర హార్స్‌పవర్. దాని మీద ఆయన కొడుకు పొరుగూరికి వెళ్లొచ్చాడు. దారిలో ఇంజను వేడికి సీటు అంటుకుందని చెబుతారు. మీ సీటు అంటుకోదు, వెళ్లండి.

కొత్త బండికి పెట్టే డబ్బులో కొంచెం టైర్లకు పెట్టండి. టైరు పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని. గాడులు లోతుగా ఉన్నా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. మీ బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే వాటి వయసూ ఏడేళ్లే.

ప్రశ్న: పోయిన నెల ఒక పొడవాటి దిగుడులో సగం దారికి వచ్చాక బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి దిగిపోయింది. ఎలాగో ముందు బ్రేకుతో ఆపాను. అరగంట తర్వాత చూస్తే మామూలుగానే ఉంది. మెకానిక్ చూసి లోపమేమీ లేదన్నారు. అదంతా నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు. ఈసారి ఉత్తరాల్లో నన్ను కలవరపెట్టినది ఇదొక్కటే.

బ్రేకు వేయడమంటే వేగాన్ని వేడిగా మార్చడం. దిగినంతసేపూ పెడల్ మీద కాలు ఆనించి ఉంచితే ఆ వేడి చల్లారే సందు దొరకదు. అది డిస్కు నుంచి ప్యాడ్లకు, ప్యాడ్ల నుంచి బ్రేకు ద్రవానికి చేరుతుంది. ఆ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డీఓటీ 4 అనే రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే అణగదు, ఆవిరి అణుగుతుంది. మీ కాలు ఆవిరిని నొక్కింది, బ్రేకును కాదు. చల్లారగానే ఆవిరి తిరిగి ద్రవమైపోయింది కాబట్టి మెకానిక్‌కు ఏమీ దొరకలేదు. ద్రవం మార్చి ఎన్నాళ్లయిందని ఆయన్ను అడగండి. రెండేళ్లు దాటితే మార్పించాకే మళ్లీ కొండ ఎక్కండి.

దిగడానికి పాత సూత్రమే ఉంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బండిని ఇంజను పట్టి ఉంచుతుంది. బ్రేకు మలుపుకు ముందు, తిన్నగా ఉన్నప్పుడు, రెండూ కలిపి గట్టిగా వేసి వదిలేయాలి. వదిలిన ఆ కొద్దిసేపే దానికి గాలి తగిలేది. పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపేసి దిగేవాళ్లను చూశాను. వాళ్లకు ఏమని చెప్పాలో ఈ పత్రికలో రాయలేను.

ప్రశ్న: మేము ఆరుగురు స్నేహితులం, ఆరు బండ్లు. అందరం కలిసి ఉండటం ఎలా?

జవాబు: కలిసి ఉండనవసరం లేదు బాబూ, కలుసుకుంటే చాలు. అందరికంటే నెమ్మదిగా నడిపే కుర్రాడిని రెండో స్థానంలో పెట్టండి. చివర పెడితే వాడు అందుకోవడానికి తన శక్తికి మించి తోలుతాడు. అందరికంటే చిన్న ట్యాంకు ఎవరిదో దాన్నిబట్టి అందరూ పెట్రోలుకు ఆగాలి. దారి చీలిన ప్రతిచోటా ముందున్నవాడు వెనకవాడు కనిపించేదాకా నిలబడాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే మధ్యలో ఎవరు ఎంత దూరంలో ఉన్నా తప్పిపోరు.

ప్రశ్న: పది రోజులకు ఎన్ని జతల బట్టలు పట్టుకెళ్లాలి?

జవాబు: రెండు. ఒకటి ఒంటి మీద, ఒకటి తాడు మీద ఆరుతూ. మిగిలిన చోటులో పంచరు సామాను పెట్టండి. ట్యూబు లేని టైరైతే పూడ్చే పట్టీలు, గాలి పంపు చాలు. ట్యూబు ఉన్నదైతే టైరు విప్పే కడ్డీలు, అదనపు ట్యూబు, చక్రం ఊడదీసే పానా కూడా కావాలి. బయలుదేరకముందు ఇంటి దగ్గర ఒకసారి చక్రం ఊడదీసి బిగించి చూడండి. మొదటిసారి నాకు గంటా నలభై నిమిషాలు పట్టింది, చివర్లో ఒక వాషరు మిగిలిపోయింది. మళ్లీ విప్పాను.