సిలిండర్లు తగ్గితే ఇంజనీరుకు పని తగ్గుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి కార్ల ఇంజన్లంటే ప్రాణం. మెకానికల్ ఇంజనీరింగే చదువుతానంటున్నాడు. కానీ ఖరీదైన స్పోర్ట్స్ కార్లలోనే ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు తీసేసి నాలుగు సిలిండర్లవి పెడుతున్నారు. రేపు అవీ ఉండవంటున్నారు. వాడిని విద్యుత్ వాహనాల ప్రత్యేక డిగ్రీలో చేర్చడం మేలా? రెండింటినీ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: కోర్సుల సంగతి తర్వాత. అబ్బాయి మనసు పడ్డ విద్యకు రేపు విలువ ఉండదేమోనన్నది మీ అసలు భయం. ఆ భయం అక్కర్లేదు.

మెర్సిడెస్-ఏఎంజీ సి63 అనే ఖరీదైన కారునే చూడండి. ఒకప్పుడు అందులో 6.2 లీటర్ల వీ8 ఉండేది. వీ8 అంటే వీ ఆకారంలో అమర్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్; లీటర్లు ఆ సిలిండర్ల మొత్తం పరిమాణం. ఆ తర్వాత 4 లీటర్ల టర్బో వీ8 వచ్చింది. ఇంజన్ వదిలే పొగ బలంతో తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని తోసే పరికరమే టర్బో. 2022లో ఆవిష్కరించిన కారులో ఉన్నది 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్. ఆ చిన్న ఇంజన్ ఒక్కటే 476 హార్స్‌పవర్ ఇస్తుంది. 6.2 లీటర్ల ఇంజన్ మొదట్లో ఇచ్చింది 457. వెనుక ఇరుసు దగ్గర పెట్టిన విద్యుత్ మోటారు తోడైతే మొత్తం 680కి చేరుతుంది.

ఇదేమీ ఊరికే రాలేదు. సిలిండర్‌లోకి గాలిని బలంగా తోస్తే ఎక్కువ ఇంధనం మండించవచ్చు. అయితే ఒత్తిడి, వేడి పెరిగి ఇంధనం అదుపు తప్పి మండుతుంది. అందుకే గాలిని ముందే చల్లబరచాలి. టర్బో రెక్కలు మండే పొగను తట్టుకోవాలి. పెడల్ నొక్కాక టర్బో అందుకోవడానికి పట్టే జాప్యాన్ని తగ్గించాలి. ఈ కారులో టర్బో ఇరుసు మీదే చిన్న విద్యుత్ మోటారు పెట్టారు. ఇంజన్ చిన్నదైన కొద్దీ ఉష్ణశాస్త్రం, లోహాలు, విద్యుత్ నియంత్రణ తెలిసినవారి అవసరం పెరిగింది.

ఇక ప్రత్యేక డిగ్రీ. మార్కెట్‌లో మోగుతున్న పేరు చూసి పెట్టిన డిగ్రీలంటే నాకు అనుమానమే. బ్యాటరీని చల్లగా ఉంచడం కూడా ఉష్ణశాస్త్రమే. ఆ మూలాలను కుదించి వాహన భాగాల పేర్లు నేర్పే కోర్సు నాకు నచ్చదు. పైగా కంపెనీలే మాట మార్చుకుంటాయి. పోర్షే 2016లో బాక్‌స్టర్, కేమన్ కార్లకు ఆరు సిలిండర్లు తీసేసి నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్లు పెట్టింది. కొన్నేళ్లకే కొన్ని మోడళ్లలో 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌ను తిరిగి తెచ్చింది. అంత పెద్ద సంస్థకే దారి ఖాయం కానప్పుడు, ఇప్పుడే ఒక పేరుకు అబ్బాయిని కట్టిపడేయడం ఎందుకు?

అలాగని కేవలం ఇంజన్లనే నమ్ముకోమని చెప్పను. విద్యుత్ వాహనాలు పెరగడం నిజం. అందుకని మెకానికల్‌లో చేరి, విద్యుత్ యంత్రాలు, నియంత్రణ వ్యవస్థల పాఠాలు కూడా తీసుకోవాలి. ప్రత్యేక డిగ్రీలో ఈ మూలాలన్నీ గట్టిగా ఉండి, అబ్బాయే కోరుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఒక మాట నిష్ఠూరంగా అనక తప్పదు. ఉత్తరమంతా సిలిండర్ల లెక్కే రాశారు. అబ్బాయికి గణితం, భౌతికశాస్త్రం ఎలా వస్తాయో ఒక్క ముక్క రాయలేదు. నిర్ణయం తేలేది అక్కడే. "రేపు అవీ ఉండవు" అని ఇంట్లో అనడం కూడా మానండి. ఈ వయసులో ఇంత ఇష్టం ఉన్న పిల్లలు ఎక్కువమంది ఉండరు.

ఈ వారం అబ్బాయికి కాగితం ఇచ్చి, టర్బో ఎలా పనిచేస్తుందో గీసి చెప్పమనండి. పొగ దారి, గాలి దారి, వేడి ఎందుకు పెరుగుతుందో వివరిస్తే నిశ్చింతగా మెకానికల్‌లో చేర్చండి. వేగం, శబ్దం దగ్గరే మాట ఆగిపోతే, కోర్సు ఎంచుకునే ముందు పొగ, గాలి, వేడి సంగతుల మీద కొన్నాళ్లు కూర్చోబెట్టండి.